పేరుపలక వెనుక కాలం: చంద్రగిరి ప్రదర్శనశాల, ‘రాయల యుగం’ అనే భావన

ప్రస్తావన

స్థానిక చరిత్ర ప్రదర్శనశాలలకు సాహిత్య పరిశోధకులు సాధారణంగా ఆధారాల కోసం వెళతారు. ఒక శాసనపు రాయి, ఒక నాణెం, ఒక విగ్రహపీఠం మీది అక్షరాలు కావ్య కాలనిర్ణయానికి ఉపకరిస్తే ప్రయాణం సఫలమైనట్లే భావిస్తారు. అయితే ప్రదర్శనశాల ఆధారాల నిలయం మాత్రమే కాదు. అది తానే ఒక కథనం. గతాన్ని కొన్ని పేర్ల కింద సర్ది, కొన్నింటిని ముందు నిలిపి, కొన్నింటిని పక్కకు జరిపి చూపుతుంది. సాహిత్య చరిత్రకారుడు చేసే పని కూడా ఇదే.

తిరుపతికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి కోటలోని ప్రదర్శనశాలను ఈ దృష్టితో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. అక్కడి కట్టడం ఒక కాలానికి చెందినది. సందర్శకుని మనసులో నిలిచే పేరు మరొక కాలానికి చెందినది. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడం, తెలుగు సాహిత్య చరిత్రలో ‘రాయల యుగం’ అనే పేరుకూ ఆ పేరు కింద మనం చేర్చే కావ్యాలకూ మధ్య ఉన్న ఎడమేనని నా ప్రతిపాదన. శ్రీకృష్ణదేవరాయల ప్రాధాన్యాన్ని తగ్గించడం ఇక్కడ లక్ష్యం కాదు. ఒక పాలకుని పేరు ఒక శతాబ్దానికంతటికీ పేరుపలకగా మారినప్పుడు ఏయే రచనలు సరిగా కనబడకుండా పోతాయో పరిశీలించడమే లక్ష్యం.

కట్టడం చెప్పే కాలం

చంద్రగిరి కోటలో నేడు నిలిచి ఉన్న ముఖ్య కట్టడాలు రెండు. మూడంతస్తుల రాజమహల్ మొదటిది. ప్రదర్శనశాల అందులోనే ఉంది. దానికి కొద్ది దూరంలో ఉన్న రెండంతస్తుల రాణీమహల్ రెండవది. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నపుగారతో కట్టారు, కలప వాడలేదు. ముందువైపు వరుసగా కనిపించే కమానులు సుల్తానుల కాలపు వాస్తును గుర్తుకు తెస్తాయి. పైకప్పు మీది అంతస్తుల శిఖరాలు దేవాలయ విమానాలను తలపిస్తాయి. హంపీలోని కమలమహల్‌లో కనిపించే సంప్రదాయ సంగమానికి ఇది కొనసాగింపు.

కళాచరిత్రకారులు శైలినిబట్టి ఈ మహలును సాధారణంగా ఆరవీటి వంశపు కాలానికి, అంటే 16వ శతాబ్ది చివరి భాగానికీ 17వ శతాబ్ది తొలి భాగానికీ చేరుస్తారు. చారిత్రక పరిస్థితి కూడా ఇందుకు అనుకూలంగానే ఉంది. 1565లో రాక్షసతంగడి యుద్ధం తరువాత విజయనగరం పాడుబడింది. తిరుమలరాయలు పెనుగొండ నుంచి పాలించాడు. ఆ తరువాత 1586 నుంచి 1614 వరకు పాలించిన వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి, అటుపై వేలూరుకు మారింది. ఏసుసభ మతగురువులు వచ్చి దర్శించిన చంద్రగిరి ఆస్థానం ఈ వెంకటపతిరాయలదే.

అంటే ఈ గోడలు ప్రధానంగా చెబుతున్నది ఒక మహానగరం కూలిపోయిన తరువాత కూడా రాజ్యం, ఆస్థానం, నిర్మాణకళ ఎలా కొనసాగాయన్న సంగతి. అయినా సందర్శకులు ఎక్కువసేపు నిలిచేది శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి ప్రతిమల ముందు. వీటి మూలరూపాలు తిరుమల ఆలయంలో ఉన్నాయి. రాయలు యౌవనంలో చంద్రగిరిలో ఉండేవాడనీ, చిన్నాదేవిని ఇక్కడే చూశాడనీ జనశ్రుతి చెబుతుంది. మహలు వెంకటపతిరాయల కాలానిదైనా, అందులో అడుగుపెట్టినవారు తలచుకునేది కృష్ణరాయలనే.

తిరుమలలోనూ ఇదే స్థితి. ఆలయ ప్రవేశ మంటపంలో కృష్ణరాయల ప్రతిమలతో పాటు అచ్యుతరాయలు, వెంకటపతిరాయల ప్రతిమలు కూడా ఉన్నాయి. ముగ్గురూ వేంకటేశ్వరునికి భక్తులే. ముగ్గురూ ఒకే మంటపంలో నిలిచినవారే. మంటపానికి మాత్రం కృష్ణరాయ మంటపమనే పేరు వాడుకలోకి వచ్చింది.

పేర్లు కట్టడాలను ఎలా శాసిస్తాయో చెప్పడానికి రాణీమహల్ మరొక నిదర్శనం. దాని కింది అంతస్తు కట్టుబడి గుర్రపుసాలను తలపిస్తుంది. అయినా పక్కనున్నది రాజమహల్ కనుక ఇది రాణీమహల్ కావలసి వచ్చింది. రాజు ఉన్నచోట రాణి ఉండాలన్న కథాతర్కం కట్టడానికి పేరు పెట్టింది. ఇది వాస్తు ఇచ్చిన పేరు కాదు, కథ ఇచ్చిన పేరు. సాహిత్య చరిత్రలోనూ ఇటువంటి జంటపేర్లు, సంఖ్యాపేర్లు అనేకం ఉన్నాయి.

కృష్ణరాయలకు చంద్రగిరి ఏమిటి?

సమకాలీనతకు దగ్గరి ఆధారం ఒకటి ఇక్కడ గుర్తు చేయాలి. 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిన వృత్తాంతాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో ఆంగ్లంలో ప్రచురించాడు. దాని ప్రకారం, కృష్ణరాయలు సింహాసనమెక్కిన తరువాత తన అన్న కుమారుణ్ణీ, తన ముగ్గురు సోదరులనూ చంద్రగిరి దుర్గానికి పంపి నిర్బంధంలో ఉంచాడు. 1529లో రాయల మరణానంతరం అచ్యుతరాయలు రాజ్యానికి వచ్చినది ఆ నిర్బంధం నుంచే.

న్యూనిజ్ చెప్పిన ప్రతి వివరాన్నీ యథాతథంగా స్వీకరించనవసరం లేదు. అతడు విన్నది రాసినవాడు. అయినా ఆ వృత్తాంతంలో చంద్రగిరి ప్రణయస్థలం కాదు. దాయాదులను దూరంగా ఉంచే దుర్గం. ఒకే కోట జనశ్రుతిలో రాయల యౌవన విహారభూమి, వర్తకుని వృత్తాంతంలో రాయల సోదరుల చెర. ఈ రెండో కథను కూడా పక్కన నిలిపినప్పుడే చంద్రగిరి చరిత్ర మనుషుల చరిత్ర అవుతుంది. అచ్యుతరాయల వైపు నుంచి చూస్తే ఈ కోట అర్థమే మారుతుంది. రాజనాథ డిండిముని సంస్కృత కావ్యం ‘అచ్యుతరాయాభ్యుదయం’, తిరుమలాంబ రచించిన ‘వరదాంబికా పరిణయ చంపువు’ అచ్యుతరాయలను నాయకునిగా నిలిపాయి. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ రెండు పేర్లూ సాధారణంగా పరిచయం కావు. అన్నగారి పేరు పెట్టిన యుగంలో తమ్ముడు అనుబంధంగా మిగిలాడు.

ఎనిమిదిమంది కవులు, అనేక ఆస్థానాలు

ఇప్పుడు సాహిత్య చరిత్రలోని భువనవిజయానికి వద్దాం. రాయల సభలో ఎనిమిది దిక్కులా ఎనిమిదిమంది కవులు కొలువుదీరిన దృశ్యం తెలుగువారి సామూహిక కల్పనలో స్థిరపడిపోయింది. రంగస్థలం, చలనచిత్రం, ‘భువనవిజయం’ పేరిట జరిగే సాహిత్య రూపకాలు దానిని ఏటేటా బలపరిచాయి. ‘అష్టదిగ్గజ’ పదానికి కడప ప్రాంతంలోని తిప్పలూరు శాసనాన్ని ఆధారంగా చూపుతారు. ఆ ఎనిమిదిమంది ఎవరన్న పట్టిక మాత్రం పండితుల మధ్య ఏనాడూ ఏకాభిప్రాయానికి రాలేదు.

కృత్యవతరణికలను వరుసగా పెట్టుకుని చూస్తే ఈ కొలువు చెదిరిపోతుంది. పెద్దన ‘మనుచరిత్ర’ను, తిమ్మన ‘పారిజాతాపహరణం’ను కృష్ణరాయలకు అంకితమిచ్చారు. జనశ్రుతి పట్టికలోని తక్కినవారి ప్రసిద్ధ కావ్యాల గతి వేరు. ధూర్జటి తన కవితను శ్రీకాళహస్తీశ్వరునికి సమర్పించాడు. మాదయగారి మల్లన ‘రాజశేఖర చరిత్ర’ను తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల అప్పామాత్యునికి అంకితం చేశాడు. అయ్యలరాజు రామభద్రుని ‘రామాభ్యుదయం’ గొబ్బూరి నరసరాజుకు, పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ నంద్యాల కృష్ణరాజుకు, తెనాలి రామకృష్ణుని ‘పాండురంగ మాహాత్మ్యం’ విరూరి వేదాద్రి మంత్రికి చెందాయి. రామరాజభూషణుని ‘వసుచరిత్ర’ తిరుమలరాయలకు అంకితం. అంటే అది రాక్షసతంగడి తరువాతి ఆరవీటి ఆస్థానపు కావ్యం.

ఈ జాబితాను పటం మీద గుర్తిస్తే కనిపించేది ఒక సభ కాదు. హంపీ, పెనుగొండ, నంద్యాల, కాళహస్తి మొదలైన అనేక కేంద్రాలు, చక్రవర్తులతో పాటు మంత్రులు, సామంతులు, దేవుడు కూడా కృతిభర్తలుగా ఉన్న ఒక విస్తృత సాహిత్య మండలం. మొత్తం 16వ శతాబ్దిలో వ్యాపించిన ఈ మండలాన్ని జనశ్రుతి 1509–1529 మధ్య ఇరవై ఏళ్లలోకి, ఒకే గదిలోకి ముడిచి పెట్టింది.

ఈ ముడుపు వల్ల కలిగే నష్టం తేదీల గందరగోళం ఒక్కటే కాదు. ‘వసుచరిత్ర’ను ‘మనుచరిత్ర’ పక్కన పెట్టి, శ్లేషలో పెద్దనను మించాలన్న పోటీగా చదవడం మనకు అలవాటు. అది రాజధాని కూలిన తరువాత, కొత్త వంశం పెనుగొండలో తన అధికారాన్ని నిలబెట్టుకుంటున్న వేళ వెలువడిన కావ్యమన్న స్పృహతో చదివితే ప్రశ్నలు మారతాయి. ఆ వైభవ వర్ణన, ఆ సంగీతమయ నిర్మాణం, ఆ ప్రౌఢి పోగొట్టుకున్నదానికి పునర్నిర్మాణమా? కొత్త కృతిభర్తకు చారిత్రక గౌరవం సమకూర్చే ప్రయత్నమా? చంద్రగిరి మహలు కూడా ఇదే ప్రశ్నను గోడలతో అడుగుతుంది. హంపీ వాస్తును చిన్న ప్రమాణంలో, కొత్త చోట, కొత్త రాజు కోసం మళ్లీ కట్టడం అంటే ఏమిటి? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి అడగడానికి మనకు అడ్డు వస్తున్నది ‘రాయల యుగం’ అనే పేరుపలకే.

ముందువారు, తరువాతివారు

చంద్రగిరి సాహిత్య సంబంధం కృష్ణరాయలకు ముందే మొదలయింది. విజయనగర సింహాసనాన్ని 1485లో స్వీకరించిన సాళువ నరసింహరాయలు అంతకుముందు చంద్రగిరి కేంద్రంగా బలపడినవాడు. అతని విజయాలను ‘సాళువాభ్యుదయం’ సంస్కృతంలో కీర్తించింది. తెలుగులో పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘జైమిని భారతం’ను అతనికి అంకితమిచ్చాడు. తాళ్లపాక చినతిరువేంగళనాథుని ద్విపద ‘అన్నమాచార్య చరిత్రము’లో అన్నమయ్యను మొదట ఆదరించి, తరువాత పెనుగొండలో సంకెళ్లు వేయించిన ప్రభువు కూడా ఈ సాళువ నరసింగరాయడే. రాజాశ్రయానికీ భక్తకవికీ మధ్య ఘర్షణను చెప్పే ఈ ముఖ్య కథనంలోని సంఘటన రాయల సభకు ఒక తరం ముందరిది. నంది మల్లయ, ఘంట సింగయలు ‘వరాహ పురాణం’ను రాయల తండ్రి తుళువ నరసనాయకునికి అంకితం చేశారు. రాయల కాలపు ప్రబంధం హఠాత్తుగా వెలసినది కాదని చెప్పడానికి ఈ కృతులే సాక్ష్యం.

తరువాతి కాలం సంగతి మరింత ఆసక్తికరం. రాజమహల్‌ను చెన్నపట్టణ స్థాపనతో ముడిపెట్టే కథ స్థానికంగా ప్రచారంలో ఉంది. ఈస్టిండియా కంపెనీకి చెందిన ఫ్రాన్సిస్ డేకు 1639లో అనుమతిపత్రం ఇచ్చినది ఆరవీటి రాజుకు సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆరవీటి శ్రీరంగరాయలు 1645లో దానిని ధ్రువపరిచాడు. మన శాఖకు సంబంధించిన విషయం ఇక్కడే ఉంది. ‘ఉషాపరిణయం’ రచించిన దామెర్ల అంకభూపాలుడు ఈ వెంకటాద్రికి సోదరుడు. తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్టణం ఏర్పడిన సంగతిని ఆ కావ్యావతారిక ప్రస్తావించింది. చెన్నపట్టణ నామచరిత్రను చర్చించినవారు ఈ తెలుగు కావ్యాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. ఒక మహానగరపు పుట్టుకకు ఆధారం చూపగల కావ్యం మన పాఠ్యప్రణాళికల్లో పేరుకైనా వినబడదు. ఎందుకంటే అది ‘రాయల యుగం’ ముగిసిన తరువాతిది. తంజావూరు, మధుర నాయకరాజుల యుగం చట్రంలోనూ ఇమడదు. రెండు పేరుపలకల మధ్య ఖాళీలో పడిపోయింది.

మహలు కమానులు సూచించే సంస్కృతీ సంగమం కూడా సాహిత్యంలో ఈ కాలంలోనే స్పష్టమయింది. అద్దంకి గంగాధరుడు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ను ఇబ్రహీం కుతుబ్ షాకు, పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అమీన్‌ఖానుకు అంకితమిచ్చారు. రాక్షసతంగడిని రెండు మతాల మధ్య జరిగిన అంతిమ యుద్ధంగా చూపే కథనానికి ఈ అంకితాలూ ఆ కమానులూ లొంగవు.

తరలివచ్చిన శిల్పం, ఏరిన పద్యం

చంద్రగిరి ప్రదర్శనశాలలోని శిల్పాలలో అనేకం చంద్రగిరివి కావు. గుడిమల్లం, గండికోట, యాగంటి వంటి చోట్ల నుంచి చేరినవి. గుడి కోసం చెక్కిన దేవతామూర్తి రాజు కొలువుకూటంలో నిలబడినప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. మూర్తి పూజావస్తువు నుంచి కళాఖండంగా మారుతుంది. మహలు తన సొంత చరిత్ర నుంచి తప్పుకుని ఇతర వస్తువులకు కేవలం నీడ అవుతుంది. సందర్శకుడు శిల్పాన్ని చూస్తాడు. శిల్పానికి నీడనిచ్చిన గోడను చూడడు.

మన తరగతి గదుల్లో ప్రబంధానికి జరుగుతున్నది ఇదే. ప్రవరుని హిమాలయ సందర్శనం, సత్యభామ అలక, గిరికా విరహం వంటి ఘట్టాలను కావ్యం నుంచి వేరుచేసి సంకలనాల్లో నిలుపుతాం. పీఠికను, అంటే కృతిభర్త ఎవరు, కవి ఏ ఊళ్లో ఎవరి ఎదుట నిలిచి చెప్పాడు అన్న భాగాన్ని, వదిలివేస్తాం. ఘట్టం అందంగానే ఉంటుంది; దాని చోటు మాత్రం పోతుంది. చోటు పోయిన పద్యానికి ‘రాయల యుగం’ అనే సాధారణ చీటీ తగిలించడం సులభం.

సంకలనం చేయడమే దోషమని దీని భావం కాదు. పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరం’ కూర్చినప్పుడు పద్యాలతో పాటు అవి ఏ కావ్యంలోనివో, ఏ కవివో నమోదు చేశాడు. మూలకావ్యాలు లుప్తమైన తరువాత ఆ నమోదే మనకు దిక్కయింది. వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ‘ప్రబంధరత్నావళి’ వెలువరించగలిగినది ఇటువంటి సంకలనాల ఆధారంగానే. వస్తువును తరలించవలసి వచ్చినప్పుడు అది వచ్చిన చోటును దానితోపాటు తీసుకురావాలి. మంచి ప్రదర్శనశాలకూ మంచి సంకలనానికీ ఉండవలసిన నియమం ఇదొక్కటే.

ఒక ఆక్షేపణ, ఒక సమాధానం

ఈ వాదం మీద ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. అంకితం ఒక్కటే ఆస్థాన సంబంధానికి ప్రమాణం కాదు. ఒక కవి రాయల కొలువులో ఉండి కూడా మరొకరికి కృతినిచ్చి ఉండవచ్చు. ధూర్జటి వంటి కవి దేవునికే కృతినివ్వడం వల్ల రాయల సభతో సంబంధం లేదని తేల్చలేం. అదీగాక యుగవిభాగం బోధనకు అవసరం. పాలకుల పేర్లతో విభాగం చేయడం కాలాన్ని గుర్తుంచుకోవడానికి సులభమైన పద్ధతి. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో సంపుటాలకు పాలక వంశాల పేర్లు పెట్టినా, లోపల శాసనాలను, అంకితాలను, జనశ్రుతులను విడివిడిగా తూచారు.

ఈ ఆక్షేపణను అంగీకరిస్తూనే ఒక భేదం చూపాలి. గ్రంథకర్తకు పేరుపలక తాత్కాలిక సౌకర్యం. విద్యార్థికి అదే సారాంశం. ఆరుద్ర పుటల్లోని తూనిక పరీక్ష పుస్తకంలోకి వచ్చేసరికి ఎనిమిది పేర్ల జాబితాగా మిగిలింది. జనశ్రుతిని తుడిచివేయాలని కూడా నేను కోరడం లేదు. కృష్ణరాయల పేరు లేకపోతే చంద్రగిరికి ఇంతమంది వచ్చేవారు కారేమో. చిన్నాదేవి కథను ఆ ప్రాంతపు మౌఖిక సాహిత్యంగా నమోదు చేసి, ఎప్పటి నుంచి ఏ రూపాల్లో ప్రచారంలో ఉందో అధ్యయనం చేయాలి. కథను కథగా, కట్టడాన్ని కట్టడంగా, వర్తకుని వృత్తాంతాన్ని వృత్తాంతంగా పక్కపక్కన నిలపడమే కావలసింది. ఒకటి తక్కినవాటి నోరు నొక్కకూడదు.

ముగింపు

చంద్రగిరి రాజమహల్ మన సాహిత్య చరిత్రకు ఇచ్చే సూచన స్పష్టమైనది. 1565 తరువాతి తెలుగు సాహిత్యం రాయల వైభవానికి తోకగా మిగిలినది కాదు. అది తనకంటూ సొంత గోడలున్న కట్టడం. సాళువుల కాలం రాయలకు పీఠిక మాత్రమే కాదు. రాజాశ్రయం, భక్తి, అనువాదం అనే మూడు ధోరణులు ఒకదానినొకటి ఎదుర్కొన్న దశ.

ఆచరణలో రెండు పనులు సాధ్యం. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు 15వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి 17వ శతాబ్ది మధ్యభాగం వరకు వెలువడిన కావ్యాల కృత్యవతరణికలను స్థలం, కృతిభర్త, కాలం అనే మూడు అంశాల కింద పటంగా కూర్చవచ్చు. ఆ పటం ప్రతిని చంద్రగిరి వంటి ప్రదర్శనశాలలకు అందిస్తే, అక్కడి గోడకు సాహిత్యం వైపు నుంచి ఒక వివరణ దొరుకుతుంది. రెండవది, ప్రబంధ పాఠాన్ని ఘట్టంతో కాక పీఠికతో మొదలుపెట్టడం. ‘వసుచరిత్ర’ పాఠం తిరుమలరాయలతో, ‘ఉషాపరిణయం’ పాఠం చెన్నప్ప పేరుతో మొదలైతే, ఆ కావ్యాలు ఏ కాలానివో విద్యార్థికి వేరే చెప్పనవసరం ఉండదు.